కార్తీక ఉపవాసాలకు ముందు షుగర్ ఉన్నవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి

మొన్న దుర్గాష్టమి సాయంత్రం ఐదింటికి మా ఎదురింటి కోడలు పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, అత్తయ్య లేవట్లేదు, ఒక్కసారి రండి" అంది. నేను వెళ్లేసరికి పిన్నిగారు పూజగది గుమ్మం పక్కన చాప మీద పడుకుని ఉన్నారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా జాకెట్టు నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయింది. పిలిస్తే కళ్లు సగం తెరిచి ఏదో గొణిగారు. మాట అర్థం కాలేదు. కోడలు పంచదార నీళ్ల గ్లాసు ఆవిడ నోటి దగ్గర పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వేలికి గుచ్చి చూస్తే మీటర్‌లో 38 వచ్చింది.

108లో ఆసుపత్రికి తీసుకెళ్లి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక కొద్ది నిమిషాల్లోనే కళ్లు తెరిచారు. "దీపం కొండెక్కిందేమో చూడండే" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకుని, ఇక ఇంటికి వెళ్లిపోదామన్నారు. డ్యూటీ డాక్టరు ఒప్పుకోలేదు. రాత్రి పదకొండుకి షుగర్ మళ్లీ 52కి పడింది. ఇంటికి రావడానికి రెండు రోజులు పట్టింది.

ఆవిడ చేసిందల్లా ఒక్కటే. పొద్దున ఐదింటికి లేచి స్నానం చేసి, రోజూలాగే షుగర్ మాత్ర వేసుకున్నారు. "ఉపవాసమైనా మందు మానకూడదు కదా" అని. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. మధ్యాహ్నం మూడింటికి ఒళ్లు తూలుతోందని పడుకుంటే, ఉపవాసం నీరసమేలే, కాసేపు పడుకోనిద్దాం అనుకున్నారు ఇంట్లోవాళ్లు.

రాజమండ్రిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఇరవై రెండేళ్లయింది. దీపావళి వెళ్లిందంటే కార్తీక సోమవారాలు, నాగుల చవితి, ఏకాదశి, పౌర్ణమి, అయ్యప్ప మాలలు అన్నీ వరసగా వచ్చేస్తాయి. తీపి తినకండి, రోజూ నడవండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ఇరవై రెండేళ్లలో మనుషుల్ని ఆసుపత్రి పాలు చేయడం నేను చూసిన తప్పు ఒకటుంది. అదే చెబుతాను. తిండి మానేసి, మాత్ర మాత్రం మామూలుగా వేసుకోవడం.

ఏ మాత్రతో ప్రమాదం

షుగర్ మాత్రలన్నీ ఒకేలా పనిచేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ బాగా పడిపోవడం అరుదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి ఒంటరిగా వాడితే అవీ అంతే. అసలు భయం గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెంక్లమైడ్‌లతోనే. ఇవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తీస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వాటికి తెలియదు. తిన్న రోజు ఎంత పని చేస్తాయో తినని రోజూ అంతే చేస్తాయి. పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు మర్నాటి పొద్దుటిదాకా ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. పిన్నిగారికి గ్లూకోజ్ ఎక్కించాక కూడా రాత్రి మళ్లీ పడిపోయింది అందుకే.

మీ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్నిబట్టి ఏమీ తెలియదు. మందు పేరు 'గ్లి'తో మొదలైతే జాగ్రత్త పడాలి. 'గ్లిప్టిన్' అని చివర వస్తే అది వేరే రకం. చాలామంది "నాది మెట్‌ఫార్మినేనండీ" అంటారు. స్ట్రిప్ తిప్పి చూపిస్తే అందులో గ్లిమెపిరైడ్ కూడా కలిసి ఉంటుంది. పేరు చివర ఎం1, ఎం2 అని ఉండే మాత్రల్లో చాలావరకు ఇదే కథ. గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, 2 మిల్లీగ్రాములు అన్నదానికి గుర్తు అది. రెండు మందులు ఒకే బిళ్లలో ఉన్నప్పుడు ఒకటి ఉంచి ఇంకోటి తీసేయడం మీ చేతిలో లేని పని. ఉపవాసం రోజుకి వేరే చీటీ రాయించుకోవాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లది, ముఖ్యంగా రెండు రకాల ఇన్సులిన్ కలిపిన 30/70ని పొద్దున రాత్రి వేసుకునేవాళ్లదీ ఇదే ప్రమాదం. పొద్దున డోసు పొద్దున తినే టిఫిన్‌కీ మధ్యాహ్నం భోజనానికీ లెక్కగట్టి రాసింది. ఆ రెండూ లేనప్పుడు అదే డోసు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లతో వచ్చే చిక్కు ఇంకో రకం. అవి మూత్రంలోకి షుగర్‌తోపాటు నీటినీ పంపేస్తాయి. నీళ్లు కూడా ముట్టకుండా నిర్జల ఉపవాసం చేస్తే ఒళ్లు ఎండిపోతుంది, రక్తంలో కీటోన్లు, అంటే ఒళ్లు కొవ్వుని కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుపోవచ్చు. మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తే అంకె బాగుంది కదా అని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇదంతా విని మాత్రలన్నీ మీకు మీరే ఆపేయకండి. కార్తీకం నెల మొత్తం మందు మానేసి, ఆఖరి సోమవారానికి 400 దాటిన షుగర్‌తో వచ్చినవాళ్లనీ చూశాను. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఏది తగ్గించాలో, ఏది రాత్రి భోజనానికి మార్చాలో, ఏది అలాగే ఉంచాలో మీ డాక్టరు చెప్పాలి, అదీ కాగితం మీద రాసి ఇవ్వాలి. "సోమవారం సాయంత్రం దాకా తినను, ఆ రోజు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?" అని ఈ మాటల్లోనే అడగండి. "ఉపవాసం ఉండొచ్చా?" అని అడిగితే వద్దు అని ఒక్క ముక్క అనేసి పంపించేస్తారు. మీరు ఇంటికొచ్చి చేసేదే చేస్తారు.

అడగడం కుదరలేదా? ఈసారి ఉపవాసం మానండి.

డైట్ మొదలుపెట్టేవాళ్లకి

ఇది దేవుడి ఉపవాసం ఒక్కదానికే కాదు. ఈ మధ్య అన్నం పూర్తిగా మానేసి, గుడ్లూ మాంసంతోనో, కొర్రలూ ఆకుకూరలతోనో, రోజుకి ఒక్క పూట తిండితోనో బరువు తగ్గుతున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మంచిదే. బరువు తగ్గితే షుగర్ దిగుతుంది, అందులో సందేహం లేదు. 2017లో బ్రిటన్‌లో 'డైరెక్ట్' అని ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు బయటికొచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి మాత్రల అవసరం లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అందరూ ఈ 46 శాతం గురించే చెబుతారు. డైట్ మొదలైన రోజే వాళ్ల షుగర్ మాత్రల్నీ బీపీ మాత్రల్నీ డాక్టర్ల పర్యవేక్షణలో ఆపేశారన్న ముక్క ఎవరూ చెప్పరు.

మన దగ్గర జరిగేదేమిటంటే, వీడియో చూసి సోమవారం నుంచి అన్నం మానేస్తారు. మాత్ర మాత్రం పాత చీటీ ప్రకారం నడుస్తూ ఉంటుంది. పది రోజులు గడిచేసరికి తెల్లవారుజామున చెమటలు, దడ, చెయ్యి వణుకు. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని పక్కింటి ఆయన సర్దిచెబుతాడు. అది షుగర్ పడిపోవడం. ఆకలి తగ్గించే బరువు ఇంజెక్షన్లు వాడుతూ గ్లిమెపిరైడో ఇన్సులినో కూడా వాడేవాళ్లకూ ఇదే ముప్పు. తిండి తగ్గితే మాత్ర లెక్క కూడా మారాలి. తిండి మారిన రోజే మారాలి, మూడు నెలల తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు కాదు.

మాల వేసుకునే స్వాములకి

నాలుగింటికి చన్నీళ్ల స్నానం, పూజ, శరణుఘోష, ఆపైన ఉద్యోగం. భిక్ష చేసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పొద్దున ఆరింటికి అలవాటుగా వేసుకున్న మాత్ర ఆ ఏడు గంటలూ ఖాళీ కడుపు మీద పనిచేస్తూనే ఉంటుంది. మాల వేసుకునే ముందే దీక్షలో మీ భోజన వేళలు ఏమిటో డాక్టరుకి చెప్పి మాత్ర వేళ మార్పించుకోండి.

రెండోది పాదాలు. షుగర్ పాతబడితే అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది, ముల్లు దిగినా తెలియదు. కిందటేడు ఒక స్వామి దూది కొనడానికి మా షాపుకి వచ్చారు. కాలు ఎత్తి చూపిస్తే బొటనవేలి కింద గాజుపెంకు ఉంది, చుట్టూ చీము పట్టింది. "ఎప్పుడు గుచ్చుకుందో తెలీదు తమ్ముడూ" అన్నారు. స్పర్శ లేనివాళ్లు చెప్పులు లేకుండా నడవకూడదు. మీ గురుస్వామికి విషయం చెప్పండి, ఆరోగ్యం బాగాలేని స్వామిని ఇబ్బంది పెట్టే గురుస్వామిని నేను ఇంతవరకు చూడలేదు. రోజూ రాత్రి అరికాళ్ల కింద అద్దం పెట్టి చూసుకోండి. అరుణాచలంలో గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. అక్కడికి వెళ్లేవాళ్లకీ ఇదే మాట.

వ్రతభంగం అని భయపడేవాళ్లకి ఒక మాట. నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదింటి వల్ల వ్రతం చెడదని పురోహితులు చెప్పే పాత శ్లోకమే ఉంది. వేలికి గుచ్చుకుని రక్తం చూసుకోవడం అసలు ఉపవాసం లెక్కలోకే రాదు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

- ఉపవాసం రోజు కనీసం నాలుగుసార్లు షుగర్ చూసుకోండి. లేవగానే, పదకొండుకి, మూడింటికి, దీపం పెట్టే ముందు.
- 70 కన్నా తగ్గిందా, ఉపవాసం అక్కడితో అయిపోయింది. చుక్క కనబడేదాకా ఆగడం లేదు.
- మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. పెరిగాక ఏదైనా తినండి.
- వాగ్లిబోస్ లేదా అకార్బోస్ వాడేవాళ్లకి పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. అవి అరగకుండా అడ్డుపడటమే ఆ మందుల పని. గ్లూకోజే కావాలి. డబ్బా ఇంట్లో పెట్టుకోండి.
- మెటొప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట పడుతోందా అన్నదే ముఖ్యమైన గుర్తు.
- ఉపవాసం ఉన్న మనిషి విసుక్కుంటున్నా, మాట తడబడుతున్నా, వేళకాని వేళ నిద్రపోతున్నా ముందు మీటర్ తీయండి. నీరసం అనే మాట ఆ రోజు ఇంట్లో వినబడకూడదు.
- తెలివి తప్పినవాళ్ల నోట్లో ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 108కి ఫోన్ చేయండి.
- లేచి కూర్చున్నారు కదా అని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేయకండి.
- ఒంటరిగా ఉంటూ ఉపవాసం చేయకండి.
- ఆ రోజు బండి నడపకండి.
- తెల్లవారుజామున గోదావరి స్నానానికి వెళ్తే ఒక్కరే నీళ్లలోకి దిగకండి. మెట్ల మీద కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లు ఉండాలి.
- ఫలహారం పేరుతో సాయంత్రం సగ్గుబియ్యం ఉప్మా, చిలగడదుంప, నాలుగు అరటిపళ్లు ఒక్కసారే తినకండి. సగ్గుబియ్యం అంటే దాదాపు మొత్తం పిండిపదార్థమే.
- నాగుల చవితి చలిమిడి, చిమ్మిలి ప్రసాదంగా చిటికెడు చాలు.
- పొద్దున మానేసిన మాత్రని సాయంత్రం మాత్రతో కలిపి రెండూ ఒకేసారి వేసుకోకండి.
- గర్భిణులు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, గత మూడు నెలల్లో ఒక్కసారైనా షుగర్ పడి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఉపవాసం చేయకండి. చర్చ వద్దు.
- డాక్టరు రాసిచ్చిన ఉపవాసం రోజు చీటీ దేవుడి గదిలో పెట్టకండి. మాత్రల డబ్బా మూతకి అంటించండి.
- తినలేదా, ఆ 'గ్లి' మాత్ర పొద్దున వేసుకోవద్దు. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే.
- వేసేసుకున్నాక గుర్తొచ్చిందా, వెంటనే తినండి. దేవుడికి దణ్ణం పెట్టుకుని తినండి.
- ఆదివారం రాత్రి పడుకునే ముందు కొడుకో కోడలో కూతురో, ఎవరో ఒకరు అమ్మ మాత్రల డబ్బా తెరిచి, సోమవారం పొద్దున గడిలో ఏముందో కళ్లారా చూడండి.