డిస్పోజబుల్ వేప్‌లో (అయిపోయాక పారేసే ఈ-సిగరెట్‌లో) మాడు రుచి వస్తే ఏం చేయాలి? మళ్ళీ రాకుండా ఎలా చూసుకోవాలి?

ముందు ఒక మాట చెప్పాలి. ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధం. కాబట్టి ఇది యూకేలోనో అమెరికాలోనో ఉంటూ, ఇప్పటికే వేప్ వాడుతున్న పెద్దవాళ్ళ కోసం రాస్తున్నది. అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రాకండి. నికోటిన్ ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడం ఎంత కష్టమో వాడేవాళ్ళకే తెలుసు.

ఇక విషయానికి వద్దాం. మొన్నటిదాకా మామిడి ఫ్లేవరో, పుచ్చకాయ ఫ్లేవరో బాగానే వచ్చిన వేప్ ఉన్నట్టుండి మాడు కంపు కొట్టి, గొంతు పట్టేసి, దగ్గొచ్చిందనుకోండి. అప్పుడు చేయాల్సిన మొదటి పని పీల్చడం ఆపేయడం. "ఇంకో రెండు లాగితే అదే సర్దుకుంటుందిలే" అని చాలామంది లాగుతారు, అక్కడే చెడుతుంది.

అసలు మాడేది ఏంటి?

లోపల సన్నటి తీగ చుట్టో, జల్లెడలాంటి రేకో ఉంటుంది. దాన్నే కాయిల్ అంటారు. దానికి ఆనుకుని దూది, ఆ దూదికి లిక్విడ్ అందించే స్పాంజి లాంటి పొర ఉంటాయి. మీరు పీల్చగానే సెన్సర్ గాలి కదలికను పట్టుకుంటుంది, బ్యాటరీ కాయిల్‌ని వేడెక్కిస్తుంది, దూదిలోని లిక్విడ్ ఆవిరవుతుంది. దూది తడిగా ఉన్నంతసేపు ఆ ఆవిరే వేడిని తీసుకుపోతుంది కాబట్టి కాయిల్ అదుపులో ఉంటుంది. తడి ఆరిందా, నూనె అయిపోయిన దీపంలో వత్తి కాలినట్టు దూదే కాలడం మొదలవుతుంది.

ఇది రుచితో పోయే గొడవ కాదు. లిక్విడ్‌లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ హద్దు దాటి వేడెక్కితే విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. వంటనూనె మరీ కాగి పొగలు లేచినప్పుడు కళ్ళు మండించే వాటిలో ఎక్రోలిన్ ఒకటి. కాబట్టి మాడు రుచిని ఓర్చుకుని పీల్చడం ఏ రకంగానూ మంచిది కాదు.

బాగుపడే మాడు, బాగుపడని మాడు

ఇది తేల్చుకోవడమే అసలు పని. దూది కాసేపు ఆరిందంతే, ఇంకా కాలలేదు అంటే బాగుపడుతుంది. దూది నల్లబడిపోతే మాత్రం మీరేం చేసినా ఆ రుచి పోదు.

మొదట వేప్‌ని నోట్లో పెట్టుకునే వైపు పైకి ఉండేలా నిలబెట్టి, ఒక పావుగంట నుంచి అరగంట వదిలేయండి. ఈలోపు లిక్విడ్ మెల్లగా దూదిలోకి ఇంకుతుంది. చలికాలం అయితే ఇంకొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే గ్లిజరిన్ చలికి చిక్కబడుతుంది, చిక్కబడ్డ లిక్విడ్ దూదిలోకి తొందరగా ఎక్కదు. జనవరిలో బస్టాప్‌లో నిలబడి లాగితే మాడు కొట్టి, ఇంటికొచ్చాక మామూలుగా వచ్చేది అందుకే. కోటు లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడి చాలు. హీటర్ మీద పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం, వేడినీళ్ళలో ముంచడం వద్దే వద్దు, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ.

తర్వాత గాలి రంధ్రం చూడండి. చాలావాటికి అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. జేబులోని నూలుపోగులు అందులో ఇరుక్కుంటాయి, లేదా పట్టుకునేటప్పుడు మన వేలే దానికి అడ్డం పడుతుంది. గాలి సరిగా ఆడకపోతే కాయిల్ చల్లబడదు, మీరేమో ఇంకా గట్టిగా లాగుతారు. పొడి టిష్యూతో తుడిస్తే చాలు, సూది పెట్టి పొడవకండి, సెన్సర్ పోతుంది.

ఇప్పుడు ఒక్కసారి, మెల్లగా, చిన్నగా పీల్చి చూడండి. రుచి మామూలుగా ఉంటే సరే. మళ్ళీ మాడు తగిలితే ఇంకో ప్రయోగం అక్కర్లేదు, దాని పని అయిపోయింది.

లైట్ కూడా కొంత చెబుతుంది. చాలా మోడళ్ళలో లైట్ మిణుకుమిణుకుమంటే ఛార్జ్ అయిపోయిందని. లైట్ నిలకడగా వెలుగుతూ, పొగ పలచబడి, మాడు వస్తుంటే మాత్రం లిక్విడ్ అయిపోయినట్టే. ఛార్జింగ్ పోర్ట్ ఉన్న వేప్‌లతో వచ్చే చిక్కు ఇదే. బ్యాటరీ మళ్ళీ నిండుతుంది, లిక్విడ్ నిండదు. ఫుల్ ఛార్జ్ చూసి "ఇంకా ఉందిగా" అనుకుని పీలుస్తారు, ఆ ఛార్జ్ అంతా ఎండిపోయిన దూదిని కాల్చడానికే పోతుంది. స్క్రీన్ మీద లిక్విడ్ శాతం చూపించేవాటిని కూడా పూర్తిగా నమ్మొద్దు, చాలావాటిలో అది ఎంతసేపు పీల్చారన్న లెక్క మీద వేసే అంచనా, లోపల కొలిచి చెప్పేది కాదు. పెట్టె మీద 600 పఫ్‌లు అని ఉంటే అవి మెషీన్‌తో లాగించిన పొట్టి పఫ్‌ల లెక్క. దీర్ఘంగా లాగే అలవాటున్నవాళ్ళకి అన్ని రావు. యూకేలో వేప్ ట్యాంకులో 2 మిల్లీలీటర్లకు మించి లిక్విడ్ ఉండకూడదు. 2 మిల్లీలీటర్లు ఎంతసేపు వస్తాయి చెప్పండి?

ఇవి మాత్రం చేయకండి

మూత ఊడదీసి లిక్విడ్ పోయడం. వీడియోల్లో తేలిగ్గా చేసి చూపిస్తారు కానీ, కాలిన దూదికి కొత్త లిక్విడ్ పోసినా మాడు రుచే వస్తుంది, పైగా విప్పేటప్పుడు బ్యాటరీ నలిగితే నిప్పంటుకోవచ్చు. నికోటిన్ లిక్విడ్ చేతికి అంటితే చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. పోర్ట్ లేని వేప్‌కి వైర్లు తగిలించి ఛార్జ్ చేయడం ఇంకా ప్రమాదం. నీళ్ళు పోయడం, నేలకేసి కొట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

మళ్ళీ రాకుండా ఉండాలంటే

పఫ్‌కీ పఫ్‌కీ మధ్య గ్యాప్ ఇవ్వండి, కనీసం అర నిమిషం. మాడు రుచికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. యూకేలో వేర్‌హౌస్‌లో పార్ట్ టైమ్ చేసే మన స్టూడెంట్లను చూడండి, షిఫ్ట్ మధ్యలో దొరికే ఆ కాస్త బ్రేక్‌లో, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో అన్న టెన్షన్‌లో వరసపెట్టి లాగేస్తారు. దూదికి లిక్విడ్ పీల్చుకునే టైమే ఉండదు. చిన్నగా లాగండి, ఆపండి.

బూస్ట్ మోడ్ ఉంటే ఆఫ్‌లో ఉంచండి. ఎక్కువ వేడికి లిక్విడ్ వేగంగా ఖర్చవుతుంది, దూది తొందరగా ఆరుతుంది. బాగా తియ్యటి ఫ్లేవర్లలో వేసే సుక్రలోజ్ లాంటి కృత్రిమ తీపి పదార్థాలు కాయిల్ మీద నల్లటి పెచ్చులా కట్టి మాడతాయి, కాబట్టి తీపి తక్కువున్నవి ఎంచుకుంటే కాయిల్ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎండలో కారులో వదిలేయొద్దు. లెక్కాపత్రం లేని చోట సగం ధరకి దొరికింది కదా అని కొనొద్దు.

ఇంకో సంగతి, 2025 జూన్ 1 నుంచి యూకేలో డిస్పోజబుల్ వేప్‌ల అమ్మకం నిషేధం. ఇప్పుడు షాపుల్లో ఉండేవి అచ్చం అలాగే కనిపించే, ఛార్జ్ చేసుకుని పాడ్ (లిక్విడ్, కాయిల్ ఉండే చిన్న డబ్బీ) మార్చుకునే రకాలు. వీటిలో మాడు వస్తే పాడ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మీరే లిక్విడ్ నింపుకునే పాడ్ అయితే నింపాక పది నిమిషాలు ఆగి, అప్పుడు పీల్చండి. పొడి దూది మీద లాగిన తొలి పఫ్‌కే కొత్త పాడ్ పాడైపోతుంది. లిక్విడ్ అడుగంటేదాకా కూడా ఆగకుండా, పావు వంతు ఉండగానే నింపేయండి.

మాడు పొగ పీల్చాక వచ్చిన దగ్గు, ఛాతీలో పట్టేసినట్టుండటం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, వేప్ వాడుతున్నానని దాచకుండా చెప్పండి. అసలు మానేద్దామనిపిస్తే ఇంగ్లండ్‌లో పొగతాగడం మాన్పించే స్టాప్ స్మోకింగ్ సర్వీస్‌లు కొన్ని వేప్ మానడానికి కూడా ఉచితంగానే సాయం చేస్తాయి, స్టూడెంట్ వీసా మీద ఉన్నా మొహమాటపడకుండా అడగండి.

పనైపోయినదాన్ని ఎక్కడ పడేయాలి?

మామూలు చెత్తబుట్టలో వద్దు. చెత్త లారీలో నలిగి బ్యాటరీలు మంటలు రేపుతున్నాయి. యూకేలో వేప్‌లు అమ్మే షాపులు పాతవి వెనక్కి తీసుకోవాలి, అక్కడే ఇచ్చేయండి. అమెరికాలో అయితే మీ ఊళ్ళో ఇళ్ళ నుంచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఎక్కడుందో చూసుకోండి. అప్పటిదాకా చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి, అడుగున మిగిలిన కాస్త లిక్విడ్ మింగినా పిల్లలకు విషమే.

సెలవులకి ఇండియా వస్తున్నవాళ్ళు సూట్‌కేస్ సర్దేటప్పుడు పాత వేప్‌లు ఎక్కడైనా ఉన్నాయేమో జేబులన్నీ వెతకండి. విమానంలో చెక్-ఇన్ లగేజీలో వీటిని పెట్టనివ్వరు. చేతిసంచిలో పెట్టుకున్నా ఇండియాలో దిగాక దిగుమతి నిషేధం కిందికి వస్తుంది, మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బయల్దేరేముందే షాపులో ఇచ్చేసి రండి.