పాత వ్యానులో పైకప్పు చెమ్మ: నా అనుభవం
ఒడిశాలోని రాయగడలో మా పాత ఆమ్నీ వ్యానులో పడక అమర్చాం. కొరాపుట్ కొండల్లో, 1672 మీటర్ల దేవమాలి శిఖరం కింద చలికాలం పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి తడిసేది. పైకప్పు కారుతోందని మెకానిక్ అతుకులన్నీ సీలెంటుతో మూశాడు. తేడా లేదు. టార్చి వేసి చూస్తే ప్రతి స్క్రూ తలకూ ఒక నీటిబొట్టు వేలాడుతోంది! వాన కాదు, మా ఊపిరిలోని ఆవిరే చల్లటి రేకుకు తగిలి నీరవుతోంది.

లోపలి అట్ట ఊడదీసి, రేకుకు ఎక్కడా గాలి సందు లేకుండా రబ్బరు ఫోమ్ అంటించాను, స్క్రూ తలలతో సహా. అంతకన్నా ముఖ్యం, ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ల మేర తెరిచి దోమల జాలీ బిగించాను. చలి వేస్తుందని వాటిని మూయకండి, ఇంకో దుప్పటి కప్పుకోండి. దుప్పటి ఇప్పుడు పొడిగా ఉంటోంది.

వంట మాత్రం బయటే. ఆవిరి సంగతి అటుంచితే, మూసిన బండిలో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.