తల తిరిగేవాళ్లు కొండెక్కే ముందు

బ్రహ్మోత్సవాలు దగ్గర పడితే అలిపిరి మెట్ల దారి జనంతో నిండిపోతుంది. మెట్లేమో దాదాపు 3,550. "రెండు రోజులుగా తల తిరుగుతోంది, పైత్యమే, నిమ్మకాయ నీళ్లు తాగి ఎక్కేస్తా" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. నిమ్మకాయ నీళ్లు తాగనివ్వండి. కానీ ఆ తిరగడం ఎలా ఉందో కూడా అడగండి.

లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే బీపీ పడిపోవడం, ఒంట్లో నీళ్లు చాలకపోవడం, రక్తం తక్కువగా ఉండటం కారణం కావచ్చు. ఉపవాసం ఉండి షుగర్ మాత్ర వేసుకున్నా కళ్లు తిరుగుతాయి. వర్టిగో వేరు. మనం కదలకుండా కూర్చున్నా గది గిర్రున తిరుగుతుంది, వాంతికొస్తుంది, అడుగు తూలుతుంది. చాలామందిలో దీనికి మూలం లోపలి చెవిలో ఉంటుంది.

అందులో ఎక్కువగా చూసేది బీపీపీవీ. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి జారతాయి. ఇక పక్క మీద అటు దొర్లినా, తల పైకెత్తినా తిరుగుడు మొదలు. సాధారణంగా నిమిషం లోపే ఆగుతుంది. అందుకే మెట్లపూజ వీళ్లకు గండం. వంగి పసుపు పూయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, లేవాలి, పై మెట్టు దగ్గర మళ్లీ వంగాలి. గాలిగోపురం కింద నిలబడి పైకి చూసినా, కల్యాణకట్టలో గుండుకి తల వంచినా అంతే. బొట్లు పెట్టే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. స్వామి ఏమీ అనుకోడు. గుండు చేసేవారికి సంగతి ముందే చెప్పండి.

దీనికి మాత్రల కన్నా ఎప్లీ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఈఎన్‌టీ డాక్టరు తలను ఒక వరసలో తిప్పి స్ఫటికాలను తిరిగి చోటుకు చేరుస్తారు. బయల్దేరే రోజు పొద్దున కాకుండా వారం ముందే వెళ్లండి. పక్కింటావిడ వాడే 'తల తిరిగే మాత్ర' మెడికల్ షాపులో అడిగి కొనొద్దు.

చెవిలో హోరు, వినికిడి తగ్గడం, గంటల తరబడి తిరగడం ఉంటే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. జలుబు, జ్వరం తర్వాత రోజుల తరబడి వదలకపోతే సమతుల్యత నరానికి వాపు వచ్చి ఉండొచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్లకూ వర్టిగో వస్తుంది. ఇలాంటివి తగ్గేదాకా నడక మొక్కు వాయిదా వేసి బస్సెక్కండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందు సీటు మేలు, ఫోన్ చూడొద్దు.

మెట్ల మీదే తల తిరిగితే కిందికి దిగే ప్రయత్నం చేయకుండా అంచుకు జరిగి కూర్చోండి, కదలని వస్తువు మీద చూపు నిలపండి. దాంతోపాటు మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా పక్షవాతమేమో అనుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. అది ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.