అటక మీది పాత గాజు సామాను అమ్మే ముందు

దసరాకు ఇల్లు దులుపుతుంటే కడప, ప్రొద్దుటూరు, ఆదోని వైపు పాత మిద్దెల్లో రంగుల గాజు దీపాలు, పూలకూజాలు, అత్తరు సీసాలు బయటపడుతుంటాయి. బేరానికి ముందు ఇవి చూసుకోండి.

- విదేశాలకు పార్సిల్ చేయొద్దు. వందేళ్లు దాటిన కళాఖండాలు 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తాయి. ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేస్తే జైలే. ‘అమెరికాలో మా బావమరిదికే కదా’ అన్నా కుదరదు.

- చింతపండు, పీచు దగ్గరికి రానీయొద్దు. అంచు మీది బంగారు గీత, చేత్తో వేసిన ఎనామిల్ పూలు రుద్దితే లేచిపోతాయి, సగం ధర వాటిదే. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. తంజావూరు గాజు పటాలకైతే తడిగుడ్డ కూడా వద్దు, రంగులన్నీ వెనకవైపే ఉంటాయి.

- అంచు చుట్టూ గోరు తిప్పండి. ఎక్కడైనా తగులుకుంటే పెచ్చు లేచినట్టే. ఆ సంగతి మీరే ముందు చెబితే బేరం నిలబడుతుంది.

- సంతకం చూసి మురిసిపోవద్దు. ఫ్రాన్స్ గాజు కళాకారుడు లాలిక్ పేరు ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే సాధారణంగా 1945కు ముందుది అంటారు. ఆ అక్షరం తర్వాత చెక్కించి అమ్మే ఘనులూ ఉన్నారు.

- యూవీ (అతినీలలోహిత) టార్చి కింద ఆకుపచ్చగా వెలిగితే యురేనియం గాజు, అంటే కాస్త యురేనియం కలిపి చేసినది. అంతమాత్రాన పాతదని కాదు, ఇప్పటికీ తయారవుతోంది.

- మూత, చిమ్నీ విడిగా అమ్మొద్దు. జతకే గిరాకీ.