ఉడుతలు, పిచ్చుకలు మన వాకిట్లోకే రావాలంటే

భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిచేటప్పుడు కనిపించే ఉడుతలు, పికిలిపిట్టలు హన్మకొండలో మన ఇంటికీ వస్తయి. ముందు నీళ్లు పెట్టండి, గింజలు తర్వాత. వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు 1 అంగుళం మించొద్దు. మధ్యలో గరుకు రాయి ఒకటి పెడితే పిట్ట కాళ్లు జారవు, రాయంచున నిలబడి రెక్కలు విదిలిస్తూ స్నానం చేస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది! వేపచెట్టు నీడలో, 4 అడుగుల ఎత్తున ఉంచండి. పక్కన గుబురు పొదలుంటే పిల్లి పొంచి ఉంటుంది. నీళ్లు రోజూ మార్చాలి, లేదంటే దోమపిల్లలు పుడతయి. మూకుడును సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో తోమాలి. పిచ్చుకలకు గుప్పెడు సజ్జలు, ఉడుతలకు ఉప్పులేని పల్లీలు నాలుగు, పొద్దున మాత్రమే. రాత్రి మిగిలితే ఎలుకలొస్తయి. బూజు పట్టిన పల్లీలు మాత్రం అస్సలు వేయొద్దు, వాటిలో విషం ఉంటుంది.