సర్వర్‌లో సేవ్ కొడితే చక్రం తిరుగుతూనే ఉందా?

సమస్య: విశాఖ ద్వారకానగర్‌లో ఓ ఆడిటర్ ఆఫీసు అనుకోండి. సర్వర్‌లో నాలుగు 4 టీబీ హార్డ్‌డిస్కులు, రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా అన్నిటినీ కలిపి వాడే పద్ధతి). పెద్ద వీడియో ఫైలు కాపీ చేస్తే చకచకా ఎక్కేస్తుంది. పదిమంది కూర్చుని ఓచర్లు కొడుతుంటే మాత్రం ఒక్కో సేవ్‌కీ నిరీక్షణే. అందరూ ముందు నెట్‌వర్క్‌నే తిడతారు, పాపం.

కారణం: రెయిడ్ 5లో చిన్న ముక్క మార్చాలన్నా పాత డేటా చదవాలి, పాత పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి కట్టుకునే లెక్క) చదవాలి, కొత్త పారిటీ లెక్కకట్టి రెండూ మళ్లీ రాయాలి. అంటే ఒక్క రాతకు డిస్కులకు నాలుగు పనులు. రెండు పారిటీలు ఉంచే రెయిడ్ 6లో ఆరు, పారిటీ లేకుండా ప్రతిదీ రెండు డిస్కుల్లో రాసే రెయిడ్ 10లో రెండే. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 80 పనులు చేస్తుందనుకుంటే నాలుగూ కలిపి 320. అందులో రెయిడ్ 5కి దక్కేవి 80 రాతలు, రెయిడ్ 10కి 160. పెద్ద ఫైలైతే స్ట్రైప్ (డిస్కులన్నిటి మీదా పరుచుకున్న ఒక వరస) మొత్తం ఒకేసారి నిండుతుంది, పాతది చదివే పనే ఉండదు. వీడియో జోరుగా ఎక్కింది అందుకే.

పరిష్కారం: రెయిడ్ 10కి మారడం. చోటు 12 టీబీ నుంచి 8కి పడిపోతుంది, ఓనరుకు మనసొప్పనిది ఇక్కడే. నన్నడిగితే, ఖాతాల డేటా ఏపాటి ఉంటుంది గనక! దాన్ని రెండు ఎస్ఎస్‌డీల మీద రెయిడ్ 1లో (రెండిట్లోనూ ఒకే కాపీ) పెట్టి, సీసీ కెమెరా రికార్డింగులు, స్కాన్ కాపీలు పాత రెయిడ్ 5లోనే ఉంచేయొచ్చు. ఏది మార్చినా ముందు బ్యాకప్ వేరే డిస్కులోకి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూడండి.

నిన్నటిదాకా బాగానే ఉండి ఇవాళే మొరాయిస్తే? రెయిడ్ రకాన్ని అనుమానించకండి. రెయిడ్‌ను నడిపే కార్డు ఉంటుంది, దాన్నే కంట్రోలర్ అంటారు. దాని క్యాష్ (రాతలను కాసేపు దాచుకునే మెమరీ) బ్యాటరీ చూడండి. అది చచ్చిపోతే కంట్రోలర్ రైట్‌బ్యాక్ (రాత క్యాష్‌లో పడగానే అయిపోయిందని చెప్పడం) మానేసి రైట్‌త్రూకి దిగిపోతుంది, ప్రతి రాతా డిస్కు దాకా వెళ్లి రావాల్సిందే. రాత్రి ఏసీ కట్టేసే గదిలో, మన మే నెల ఉక్కలో బ్యాటరీలు తొందరగా పోతాయి. కొత్తది వేయించండి. బ్యాటరీ లేకుండానే రైట్‌బ్యాక్ బలవంతంగా ఆన్ చేసే సెట్టింగ్ కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. తుపాను రోజున కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నదంతా గాలికే.

బ్యాటరీ బాగుంటే, లినక్స్‌లో ఏ డిస్కు ఎంత బిజీగా ఉందో చూపే ఐఓస్టాట్ నడపండి. ఒక్క డిస్కే నూరు శాతం దగ్గర కూర్చుని మిగతావి ఖాళీగా ఉంటే ఆ డిస్కు స్మార్ట్ రిపోర్టు (తన ఆరోగ్యం గురించి డిస్కు తానే చెప్పేది) తీయండి. ఈమధ్యే మార్చిన డిస్కైతే అది ఎస్ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికొకటి ఎక్కేలా రాసే, తిరగరాతల్లో నెమ్మదించే) రకమేమో మోడల్ నంబరు పట్టి చూడండి. అదే అయితే సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే) డిస్కు తెచ్చి పెట్టాల్సిందే.