మెషీన్‌ను తిట్టేముందు పెల్లెట్ చూడండి

కరీంనగర్ గ్రానైట్ పొడిని పెల్లెట్‌గా (గట్టి బిళ్లగా) నొక్కి, ఏ మూలకం ఎంతుందో కొలిచే మెషీన్ లేజర్ కింద పెడితే, అంకెలు లేజర్ తగిలిన ఒక్కో మచ్చకు ఒక్కోలా వస్తాయి. అందరికీ మెషీన్ మీదే టెన్షన్. ముందు ఎన్‌ఐఎస్‌టీ 612 గాజును (మూలకాలు ఎంతున్నాయో ముందే తెలిసిన ప్రామాణిక గాజు) అదే సెట్టింగ్‌లో నడపండి. దాని సిగ్నల్ నిలకడగా ఉంటే లోపం చాలావరకు మన తయారీలోనే. అప్పుడు ఏ మూలకాలు కలిసి కదులుతున్నాయో చూడాలి.

సమస్య: జిర్కోనియం ఒక్కసారిగా ఎగిసి పడిపోతోంది

దాంతో పాటే హాఫ్నియం, యురేనియం లేస్తే అక్కడ జిర్కాన్ అనే ఖనిజపు గింజ ఉన్నట్టు. సీరియం, లాంథనం, థోరియం, ఫాస్ఫరస్ కలిసి లేస్తే మోనజైట్ అనే ఖనిజమని అనుమానించాలి. లేజర్ మచ్చ 50 మైక్రాన్లే అయినప్పుడు 30 మైక్రాన్ల గింజ ఒక్కటి తగిలినా లెక్క మొత్తం తారుమారవుతుంది. జిర్కాన్ క్వార్ట్జ్ కంటే గట్టిది, మిగతాదంతా నలిగినా అది మొండిగా మిగిలిపోతుంది. వేళ్ల మధ్య రుద్ది మైదాలా ఉందని నమ్మకండి, ఆ సైజు గరుకు వేలికి తెలియదు. చిటికెడు పొడిని గాజు స్లైడ్ మీద నీటి చుక్కలో పరచి మైక్రోస్కోప్‌లో చూడండి. మెరిసే గింజలు కనిపిస్తే 10 మైక్రాన్ల లోపుకు వచ్చేదాకా మళ్లీ నూరాలి.

అయినా తగ్గకపోతే లిథియం బోరేట్‌తో కరిగించి గాజు బిళ్ల చేయండి. జిర్కాన్ కూడా కరుగుతుంది. కానీ సుమారు 1,000 డిగ్రీల వేడికి సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎగిరిపోవచ్చు. లిథియం, బోరాన్ కొలవాలంటే ఈ దారి అసలే పనికిరాదు.

సమస్య: టంగ్‌స్టన్, కోబాల్ట్ అన్ని మచ్చల్లోనూ ఎక్కువ

ఇది నన్ను రెండు వారాలు తిప్పింది. రాయిలో కోబాల్ట్ ఉందనే అనుకున్నాను. పొడి మరోచోట టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో నూరి వచ్చిందని తర్వాత తెలిసింది. స్టీల్ అయితే ఇనుము, క్రోమియం కలుస్తాయి. అగేట్ (సిలికా రాయి) మిల్లు మేలు, దాని నుంచి ముఖ్యంగా సిలికా వస్తుంది, గ్రానైట్‌లో అది ఎలాగూ బోలెడు. శుభ్రమైన క్వార్ట్జ్‌ను అదే మిల్లులో నూరి బ్లాంక్‌గా (పోలికకు ఖాళీ నమూనాగా) నడిపితే మిల్లు ఏం కలుపుతోందో తేలిపోతుంది.

సమస్య: మొదటి రెండు సెకన్లు సోడియం, సీసం ఎక్కువ, తర్వాత మామూలు

పైన మురికి. గ్లవ్స్ వేసుకోండి, అసలు కొలతకు ముందు పెద్ద మచ్చతో ఒకటి రెండు షాట్లు కొట్టి పైపొర తీసేయండి. పాలిష్ చేసిన రాతి ముక్కను ఇథనాల్‌లో ముంచి అల్ట్రాసోనిక్ తరంగాలతో శుభ్రం చేయొచ్చు. పెల్లెట్‌ను ముంచకండి, విడిపోతుంది.

సమస్య: అన్ని మూలకాలూ కలిసే ఊగుతున్నాయి, లేజర్ చేసిన గుంట చుట్టూ పొడి వలయం

పెల్లెట్ వదులుగా ఉంది. మన వరంగల్ వానాకాలంలో ఇది మరీ ఎక్కువ, గాలిలోని తేమను పొడి పట్టేస్తుంది. 105 డిగ్రీల్లో ఆరబెట్టి, జిగురులా పట్టి ఉంచే పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణం కొన్ని చుక్కలు కలిపి, మళ్లీ ఆరాక నొక్కండి. 13 మిల్లీమీటర్ల డైకి (బిళ్ల నొక్కే అచ్చుకి) 10 టన్నుల లోపే చాలు. రెండు నిమిషాలు ఉంచి లోడ్ మెల్లగా వదలండి, ఒక్కసారిగా వదిలితే లోపలి గాలి పైపొరను చీల్చేస్తుంది. తయారైన బిళ్లను డెసికేటర్‌లో (తేమ తగలని మూత డబ్బాలో) పెట్టి, లేబుల్ మీద తేదీతో పాటు ఏ మిల్లులో నూరారో కూడా రాయండి.